మా అన్నకు గుండెపోటు రాలేదు

మా పెద్దన్న పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్లలో మా ఇంట్లో ఉన్నాను. ముందురోజు దాకా అన్న దగ్గరే ఉండి, రెండు చీరలు సర్దుకుని మళ్లీ పోదామని వచ్చాను. "అక్కా, అన్న పోయిండే" అన్నాడు తమ్ముడు. జగిత్యాలలో బస్సు మారి బీర్పూర్ వైపు పోతుంటే ఫోన్‌లో మావాళ్ల గ్రూపులో అన్న ఫొటో వచ్చింది. గల్ఫ్‌లో దిగింది, నల్లద్దాలు పెట్టుకుని, చొక్కా టక్ చేసుకుని. కింద "ఆకస్మిక గుండెపోటుతో" అని రాసి ఉంది.

ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపేశాను. అంత కోపం వచ్చింది. మా అన్న గుండె చివరిదాకా బాగానే కొట్టుకుంది. ఆయన రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయాడు. మగవాళ్లకూ రొమ్ములుంటాయి, వాటికీ క్యాన్సర్ వస్తుంది. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. అవి వరుసగా చెబుతాను. అన్నీ కలిపి చెబితే కోపంలో ఏదో ఒకటి జారిపోతుంది.

మాది కల్లుగీత ఇల్లు. మీసాలు రాకముందు నుంచే అన్న తాటిచెట్లెక్కాడు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుని, మానుకు ఛాతీ ఆనించి పైకి పోయేవాడు. ఏళ్ల తరబడి ఒరుసుకుని ఛాతీ మీద చర్మం నల్లబడి, గట్టిపడి కాయలు కాసింది. మా నాయనకూ అంతే, తాతకూ అంతే. చిన్నప్పుడు నేను వేలితో కొట్టి చూస్తే చెక్క మీద కొట్టినట్టుండేది. "మెల్లగ కొట్టు చెల్లె, తలుపు తెరుసుకుంటది" అనేవాడు అన్న. చెట్టెక్కడం నేర్చుకునే తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పేవాడు: "చెట్టును పట్టుకునేటప్పుడు సిగ్గువడకురా. సిగ్గువడి దూరం జరిగినోడే కిందవడ్తడు."

వానలు లేక తాళ్లు ఎండిన ఏళ్లలో అన్న గల్ఫ్ పోయాడు. ఎండలో ఇనుప చువ్వలు కట్టే పని. సెలవు మీద ఇంటికొస్తే బర్రెతో కూడా హిందీలో మాట్లాడేవాడు. "నా కంటె బర్రెకే మంచిగ సమజైతంది" అని వదిన నవ్వేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే రోడ్డు వెంట ఉన్న ప్రతి తాడినీ చూసి, గీత బాగుందో లేదో చెప్పేవాడు. దగ్గరలో ఎవరున్నా సరే, వినాల్సిందే.

చివరిసారి అక్కడున్నప్పుడు ఎడమ చనుమొన కింద గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. కూలీల క్యాంపు గదిలో పక్క మంచాలవాళ్లు చూసి, "ఏమన్నా, పాలొస్తున్నయా?" అని ఎగతాళి చేశారట. ఆయనా నవ్వాడట. క్యాంపు డాక్టరు చొక్కా విప్పమని కూడా అనకుండా నొప్పుల మందు రాసిచ్చాడు. నొప్పే లేదని ఈయన చెబుతున్నా.

ఇంటికొచ్చాక మా నాయనతో కలిసి తాళ్లెక్కిన ఒక పెద్దాయనకు చూపించాడు. ఆయన తడిమి చూసి, "గది మోకు కాయేరా, పాతది మళ్ల లేసింది" అన్నాడు. అన్న నమ్మాడు, ఇంటిల్లిపాదీ నమ్మారు. చెట్టెక్కడం మానేసి ఎన్నో ఏళ్లయిన మనిషికి చెట్టు కాయ మళ్లీ ఎందుకు లేస్తుందని ఎవరికీ తోచలేదు. మా ఇళ్లలో ఆ చోట గట్టిగా ఏది తగిలినా అది పని గుర్తే. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. తనకు తెలిసింది ఆయన చెప్పాడు. తెలిసి కూడా చూడనివాళ్ల మీదే నా కోపం.

ఒకరోజు అన్న బనీను ఉతుకుతుంటే వదినకు నెత్తురు మరక కనిపించింది. ఆ వారమే మండలంలో రొమ్ము క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. వదిన తనతో పాటు ఆయన్నీ తీసుకుపోయింది. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల తలెత్తి, "కాకా, ఇది ఆడోళ్లకే. మొగోళ్లకు షుగర్, బీపీ అటు దిక్కు" అంది.

"ఒక్కపారి సూడు బిడ్డా, నెత్తురస్తంది" అంది వదిన. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అన్నను అటు దిక్కు పంపి, బీపీ చూసి, బాగుందని చెప్పి ఇంటికి పంపారు. "నా బీపీ పెండ్లి పిలగానోలె ఉన్నదట చెల్లె" అని అన్న ఫోన్‌లో నవ్వాడు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు. ఆ క్యాంపు గోడ మీద అతికించిన బొమ్మల్లో అందరూ ఆడవాళ్లేనట. మూలన ఒక్క మగబొమ్మ వేస్తే రంగు అయిపోతుందా?

చనుమొన లోపలికి పోయి, చంకలో గడ్డలు తేలాక హైదరాబాద్ పోయాం. ముక్క తీసి పరీక్ష చేసి డాక్టరమ్మ రోగం పేరు చెప్పింది. "మగవాళ్లలో చాలా అరుదు" అంది. ఆ మాట తరువాత ఎందరో అన్నారు, అదేదో అన్న సాధించిన ఘనకార్యమైనట్టు. అరుదని ఎవరూ చొక్కా విప్పించి చూడలేదు. రొమ్ము తీసేశారు, కీమో ఎక్కించారు. అయినా ఏడాది తిరక్కముందే ఎముకల్లోకి పోయింది.

కీమోకు పిలిచేదాకా కూర్చునే బల్ల నిండా ఆడవాళ్లే. మొదటిరోజు అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జుట్టు ఊడిన తలకు కొంగు కప్పుకున్న ఒక ముసలమ్మ పక్కకు జరిగి, "కూసో కొడుకా, ఇగ నువ్వు సుత మా జట్టే గదా" అంది. బల్లంతా నవ్వింది. అన్న కూర్చున్నాడు. ఎండాకాలం ఊరి నుంచి తాటిముంజలు మోసుకుపోయి, బొటనవేలితో పొట్టు తీసి వాళ్లకు ఒక్కొక్కటే ఇచ్చేవాడు. నోట్లో పుండ్లు పడ్డవాళ్లకు కూడా అవి చల్లగా దిగేవి. ఆ బల్ల మీది ఆడవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఇది మగవాడికి ఎట్లా వచ్చిందని వాళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఊళ్లో అడిగారు. కల్లు తాగే మండువ దగ్గర ఒకడు, "ఆడోళ్ల రోగమట గదనే నీకు?" అన్నాడు. అన్న చొక్కా గుండీలు విప్పి కోత గుర్తు చూపించాడు.

"పోతుతాడు కల్లియ్యదారా? పండుతాడే ఇస్తదా? చెట్టుకు లేని సిగ్గు మీకేందిరా?"

పండ్లు కాసే ఆడ తాడికీ, కాయని మగ తాడికీ ఒకే తీరుగా కుండ కట్టే మనుషులు వాళ్లు. వాళ్లలో ఒకడు మెల్లగా, "నొప్పి లేస్తదా అన్నా?" అన్నాడు. "మొదలు లేవదురా. గందుకే సూపెడుతున్న" అన్నాడు అన్న. వదిన నాకు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఎంత గర్వమనిపించిందో.

ఇక అసలు సంగతి. కొన్ని ఇళ్లలో ఈ రోగం వచ్చే గుణం తరతరాలుగా దిగుతుంటుందనీ, మగవాడికి వచ్చిందంటే బిడ్డలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు అందరూ చూపించుకోవాలనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను చూపించుకున్నాను. అన్న బిడ్డకు మాత్రం ఆ మాటే చేరలేదు. అల్లుడిది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలకు పని లేక ఇద్దరూ భివండి పోయారు. "అంత దూరంల ఉన్నది, బెంగ వెట్టుకుంటది" అని కొన్నాళ్లు, "అత్తగారింట్ల తెలిస్తే మంచిగుండదు" అని కొన్నాళ్లు దాచారు. ఒకసారి అన్నే ఫోన్‌లో చెప్పబోతే తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. ఛాతీలో గడ్డ అని తప్ప ఆ పిల్లకు ఏమీ తెలియదు.

పదో రోజు కట్టిన ఫ్లెక్సీ మీద కూడా గుండెపోటే. మర్నాడే పిల్ల భివండి బస్సెక్కుతుంది. చుట్టాలు భోజనాలు చేసి వాకిట్లో కూర్చున్నప్పుడు నేను దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"బిడ్డా, మీ బాపుకు గుండెపోటు రాలే. రొమ్ము క్యాన్సర్."

తమ్ముడు దిగ్గున లేచాడు. "అక్కా, గిప్పుడా గా ముచ్చట? నలుగురున్నరు."

"రేపు ఇది బస్సెక్కినంక ఎవ్వలకు జెప్పాల్నురా?"

"అన్న ఇజ్జత్ సూడవా? మొగోడే..."

"అన్న ఇజ్జత్ అన్ననే సూసుకున్నడు. నువ్వు పొల్ల పానం సూడు."

పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత, "నాకు సుత అస్తదా అత్తా?" అంది.

"అస్తదని లేదు, రాదని లేదు. సూపించుకోవాలె, గంతే."

అది వాళ్ల చిన్నబాపు వైపు తిరిగింది. "మరి చిన్నబాపు సూపించుకున్నడా?"

తమ్ముడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. వదిన లేచి వచ్చి బిడ్డ తల నిమిరి, "ఇయ్యాల నా రొమ్ము మీది బండ దిగింది" అంది. అల్లుడు ఫోన్ తీసి బస్సు టికెట్ రద్దు చేశాడు. సోమవారం నేనూ పిల్లా హైదరాబాద్ పోతున్నాం.

మర్నాడు తెల్లవారి పిల్లా నేనూ వంటింటి గడప మీద చాయ్ తాగుతున్నాం. పెరట్లో తమ్ముడు స్నానం ముగించి, మాకు పక్కగా, గోడకు ఎదురుగా నిలబడ్డాడు. మేమున్నట్టు వాడికి తెలియదు. తడి తువ్వాలు భుజం మీద వేసుకుని, మొరటు వేళ్లతో ముందు ఎడమ వైపు, తరువాత కుడి వైపు, చనుమొన కింద మెల్లగా నొక్కి చూసుకుంటున్నాడు. ఒకచోట వేళ్లు ఆగాయి. మళ్లీ అక్కడే నొక్కాడు. నేను లేవబోతే పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. చేతుల్లో చాయ్ చల్లారిపోతున్నా, వాడు చెయ్యి దించేదాకా మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం.