లక్క ఉండలకు ఆధారమేది?

విజ్ఞానశాస్త్ర చరిత్ర అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ చరిత్రలోనే డాక్టరేటు పుచ్చుకున్నవాణ్ణి కాబట్టి మండే హక్కు నాకుంది.

అరవైల చివర విజయనగరంలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ, మన ప్రాంతపు ఉప్పు తయారీ చరిత్ర మీద పరిశోధనకు చేరాను. మా అమ్మ తమ్ముడిది నౌపడ. మూడు తరాలుగా వాళ్లది ఉప్పుమళ్ల పని. మావయ్య మొలకు కట్టుకున్న గుడ్డసంచిలో ఎప్పుడూ రెండు లక్క ఉండలుండేవి. లక్క కరిగించి, కాస్త ఇసుక కలిపి, ఉసిరికాయంత చేసినవి. సముద్రపు నీటిలో రెండూ మునుగుతాయి. ఎండకు మడిలో నీరు ఇగిరి చిక్కబడ్డాక మొదటిది తేలుతుంది. అంటే ఉప్పు పేరుకునే వేళయిందన్నమాట. రెండోది కూడా తేలిందంటే మిగిలిన నీరు చేదెక్కినట్టు, వెంటనే బయటికి వదిలెయ్యాలి. కాలేజీ లాబులో నీటి చిక్కదనం కొలిచే గాజు హైడ్రోమీటరు పక్కన పెట్టి చూశాను, ఒక్క గీత తేడా రాలేదు. వాటిని మొదట చేసింది మావయ్య తాత, నాకు ముత్తాత. ఆయన పేరు పెట్టి ఒక అధ్యాయం రాశాను. నౌపడ వెళ్లి, మీ తాత పేరు పుస్తకంలోకి ఎక్కుతోందని మావయ్యకు చెప్పి కూడా వచ్చాను.

మా గైడు చదువుకున్నవాడే, కాదనను. కాని కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకునే రకం.

"ఆధారమేదయ్యా?" అన్నాడు.

"మా మావయ్య చెప్పాడు సార్. నేను కొలిచి చూశాను."

"మీ మావయ్య చెప్పేది కబుర్లు. చరిత్ర కాదు. రికార్డు పట్రా."

అధ్యాయం మొత్తం ఎర్రసిరాతో కొట్టేశాడు. నేనూ మొండివాణ్ణే. ఓ పాత ఉప్పు ఆఫీసు బీరువాల్లో నెలల తరబడి దుమ్ము మింగాను. చివరికి ఒక ఇంగ్లీషు దొర రాసిన నివేదిక దొరికింది. నీటి చిక్కదనం కొలవడానికి తాను కనిపెట్టిన లక్క గోళాలట! ఇసుకతో సహా అంతా అదే. దొంగ వెధవ అని పైకే తిట్టాను.

దొంగతనం రుజువైందన్న ఊపులో దాన్ని గైడు ముందు పెట్టాను. ఆ ముఖంలో నవ్వు చూడడం నాకదే మొదటిసారి.

"ఇదీ ఆధారమంటే! దొర పేరుతో అధ్యాయం తిరగరాసెయ్."

"దొర మా ముత్తాత దగ్గర నేర్చుకున్నాడు సార్."

"కాగితముందా?"

లేదు. వాదించాను, అరిచాను కూడా. డాక్టరేటు కావాలో ముత్తాత కావాలో తేల్చుకోమన్నాడు. తేల్చుకున్నాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. స్థానిక కూలీలు నేటికీ ఈ గోళాలు వాడుతున్నారని అడుగున ఒక్క వాక్యం చేర్చి, అదే పెద్ద ధైర్యమనుకున్నాను.

బైండు చేయించిన ప్రతి తీసుకుని నౌపడ వెళ్లాను. మావయ్య చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని మరీ అందుకున్నాడు.

"ఏదిరా మా తాత పేరు? సూపించు."

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏ పేజీ చూపించినా నమ్మేవాడు. కాని అబద్ధమాడడానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఆ దొర రోజూ మడికాడికి వచ్చీవోడంట. మా తాతే రెండుండలు సేసి సేతిలో ఎట్టినాడంట," అన్నాడు.

"మా సారు ఒప్పుకోలేదు మావా. ఆధారం లేదని..."

"దొర సంగతి ఒగ్గీ. ఆడికి మా తాత ఎవులో ఏటో, పేరు కూడా అడిగుండడు. నీకు తెల్సు కదరా!"

పుస్తకం నా చేతిలో పెట్టి మడిలోకి దిగిపోయాడు. ఆ తరవాత నేనెప్పుడు వెళ్లినా మంచినీళ్లిచ్చాడు, అన్నం పెట్టించాడు. ఉప్పు గురించి మాత్రం బతికున్నన్నాళ్లూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.