మలుగుల పట్టికలో ఖాళీ గడి

అంకెల విషయంలో నేను తప్పు చేయనని మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేనే చెబుతాను. విజయవాడలో చేపల గణాంకాలు రాసే ఉద్యోగం నాది. ఈ వేసవిలో ఏ దేశపు నదుల్లో మలుగులు ఎలా పట్టుబడుతున్నాయో ఒక పట్టిక వేయమన్నారు. మలుగంటే పాములా పొడుగ్గా ఉండే చేప. సముద్రంలో పుట్టి, నదుల్లోకి ఎదురెక్కి వచ్చి పెరుగుతుంది.

యూరప్ వరస సులువుగానే నిండింది. అక్కడి నదుల్లోకి పిల్ల మలుగుల రాక దశాబ్దాలుగా పడిపోయింది. జపాన్ వాళ్ళకు మలుగంటే ప్రాణం, అక్కడా నదుల్లో వేట తగ్గింది. చెరువుల్లో పెంచేవాటికైనా పిల్ల మలుగుల్ని నదీముఖాల్లో పట్టి తేవాల్సిందేనట.

మిగిలింది మన కృష్ణా డెల్టా గడి. రికార్డుల్లో మలుగు పేరే లేదు, అన్నీ కలిపి ‘ఇతర చేపలు’. ఏం భయం, దివిసీమ కాలవల్లో చిన్నప్పటి నుంచీ వల వేస్తున్న మేనమామ ఉన్నాడు నాకు. ఫోన్ చేసి, మలుగులేమైనా అమ్మావా అని అడిగాను. ఎప్పుడూ అమ్మలేదన్నాడు. గడిలో సున్నా పెట్టి, ఇక్కడ మలుగుల వేట లేదని కింద ఒక వాక్యం కూడా రాశాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

ఆ ఆదివారం మావయ్య కూతుర్ని చూడటానికి వెళ్ళాను. పురిటికి పుట్టింటికొచ్చిన మరదలికి అప్పటికి బిడ్డ పుట్టి పదిహేను రోజులు. మధ్యాహ్నం ఆమె కంచంలో మిరియాల కారంతో వండిన మలుగు ముక్కలు కనిపించాయి. నాకు ఒళ్ళు మండింది. అమ్మలేదన్నావు కదా అని మావయ్యను నిలదీశాను.

"బాలింతకి పెట్టేదాన్ని ఎవరన్నా అమ్ముతారటమ్మా? పట్టావా అని అడగాల్సింది" అన్నాడు.

నిజమే. మావాళ్ళు మలుగు పడితే బజారుకు పంపరు, ఊళ్ళో బాలింత ఉన్న ఇంటికి ఇచ్చేస్తారు. నాకు బిడ్డ పుట్టినప్పుడు ఇదే ఇంట్లో నేనూ తిన్నాను. తిన్నదాన్నే సున్నా వేశానని సిగ్గేసింది. అయినా ఊరుకునే మనిషిని కాదు, నోట్‌బుక్ తీసి లెక్క చెప్పమన్నాను.

ఆయనకు సంవత్సరాలు గుర్తులేవు, పురుళ్ళు గుర్తున్నాయి. నేను పుట్టినప్పుడు మా అమ్మకు రోజు విడిచి రోజు మలుగు పెట్టారట. నా పురిటికి నెలలో నాలుగు దొరికాయి. ఈసారి కాన్పుకు ముందు నుంచే కాలవల వెంట తిరిగితే, మూడు వారాలకు ఇదొక్కటి. అన్ని దేశాల గ్రాఫులు చూసినప్పుడు రాని దిగులు నాకు అప్పుడొచ్చింది.

మరదలు తినడం ఆపి మా వైపు చూసింది. మావయ్య నా చేతిలోని పెన్ను వైపు చూశాడు.

"ఒకటని రాసుకో. ఇదే ఆఖరిదని మాత్రం రాయమాక."

ఒకటని రాశాను. పక్కన ఇంకేమీ రాయలేదు.