రజియా ఆపా రాయించిన కాగితం

ఈ ఉదయం వనపర్తి బస్సులో పక్క సీటావిడ ఇలాచి నమిలింది. ఆ వాసనకు రజియా ఆపా గుర్తొచ్చింది. వనపర్తి దవాఖానలో మానసిక వైద్యుడి గది బయట చిన్న బల్ల వేసుకుని కూర్చునే నర్సు ఆమె. అక్కను పిలిచినట్టు అందరం ఉర్దూలో ఆపా అనేవాళ్లం. రోగులతో మాట్లాడటం, ఇంటివాళ్లకు జబ్బు సంగతి విడమరచి చెప్పడం ఆమె పని. ఎప్పుడూ బుగ్గన ఒక ఇలాచి ఉండేది.

నేను గద్వాలలో చీరలు నేస్తాను. ముప్పై ఏళ్ల వయసులో ఒక వారం పాటు నాకు నిద్ర అవసరమే లేకుండా పోయింది. ఎవరూ చూడని కొత్త అంచు కళ్ల ముందు కనిపిస్తోందని, సగం నేసిన పెళ్లి చీర పడుగు దారాలను మగ్గం మీదే కత్తిరించేశాను. అడ్డొచ్చిన నా భార్య పద్మను తోసేశాను. ఆమె మణికట్టు బెణికింది. ఆ తర్వాత నేను నెలల తరబడి మంచం దిగలేదు. డాక్టరు గారు దాన్ని బైపోలార్ అంటారని చెప్పి మాత్రలు రాశారు. తల దించుకుని బయటికొస్తే ఆపా కూర్చోమంది.

"షుగరోళ్లు మస్తుమంది వస్తరు ఈడికి. వాళ్లు సిగ్గుపడరు. నువ్వేంది తమ్మీ, గిట్ల పరేషాన్ అయితున్నవ్?"

"పద్మ చెయ్యి చూస్తే పరేషాన్ అయితుంది ఆపా."

ఆమె ఓదార్పు మాటేదీ చెప్పలేదు. "అది జబ్బు చేసింది. మల్ల కాకుండ చూసుకునుడు మాత్రం నీ పని," అంది. ఆ రెండు మాటలనూ కలిపి మోయడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను కుదుటపడ్డాక ఆపా పద్మను కూడా పిలిపించి, నాచేత ఒక కాగితం రాయించింది. "మంచిగున్నప్పుడే రాయాలె. జబ్బు లేస్తే నువ్వు ఎవ్వరి మాట వినవు." నిద్ర తగ్గడం, మాట వేగం పెరగడం, ఊరందరి మీదా విసుగు రావడం అని నా గుర్తులు రాశాను. చివర, పద్మ దవాఖానకు పోదామంటే ఎదురు చెప్పనని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్లకు పద్మ ఆ మాట అననే అంది. అప్పటికి మాత్రలు మానేసి నెలైంది. నన్ను మించిన నేతగాడు జిల్లాలో లేడనిపిస్తోంది. "దవాఖానకు పోదాం పా," అంటూ ఆమె కాగితం ముందు పెట్టింది. చింపేద్దామనుకున్నాను. కానీ అందులో ఉన్నది నా చేతిరాత. బస్సెక్కాను గానీ దారి పొడుగునా ఆమెతో మాట్లాడలేదు. ఆపా బల్ల మీద కాగితం విసిరేసి, "నాకేం కాలే! సంతకం పెట్టిన గనుక వచ్చిన," అని అరిచాను.

"కోపంతోనే వచ్చినవ్. అయినా వచ్చినవ్ గదా," అంటూ ఆపా కుర్చీ జరిపింది. ఆసారి పడుగు తెగలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అయితే అప్పటినుంచి నాకు సంతోషమంటేనే భయం పట్టుకుంది. మా అమ్మాయి పదో తరగతి పాసైన రోజు ఒళ్లంతా తేలికైపోయింది. వెంటనే ఆపాకు ఫోన్ చేశాను. అప్పటికామె రిటైరైంది.

"ఆపా, మస్తు సంతోషంగున్న. జబ్బేనా?"

"రాత్రి మంచిగ పండుకున్నవా?"

"పండుకున్న."

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"అయితే బిడ్డ పాసయిందని సంతోషం. జర నవ్వు, ఏం కాదు."

ఆపా చనిపోయి మూడేళ్లు. ఇప్పుడా ప్రశ్నలు నన్ను నేనే అడుగుతాను. జవాబులు సరిగ్గా ఉన్న రోజున, ఎవరికీ ఫోన్ చేయకుండా, గట్టిగా నవ్వుతాను.