ఆ పట్టీలు కట్టిందెవరు?

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్న బొగ్గుగనిలో పనిచేసిండు. లోపల చనిపోయినోళ్లు కనబడ్డ కథలు ఇంట్ల రోజూ వినేదాన్ని, విని నవ్వేదాన్ని. ఫిజియోథెరపీ చదివినంక ఆ మాటలకు ఇంకా దూరమైన.

మహారాష్ట్రల చంద్రపూర్‌ల ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్న. పోయిన ఎండాకాలం నాగపూర్ నుంచి ఒక ఇంజనీర్ వచ్చిండు. పక్షవాతం వచ్చినోళ్ల వేళ్లను మోటారుతో ముడిచి తెరిచే గ్లౌజు తయారుచేసిండు. దాన్ని వాడాల్సినోళ్లే వాడి చూసి, ఏం బాగుంది, ఏం బాగలేదు చెప్పాలని అతని కోరిక.

అట్ల వచ్చింది రాజమ్మ పెద్దమ్మ. దగ్గర్లనే ఘుగ్గుస్‌ అనే ఊర్ల ఉంటది. కుడిచేయి పడిపోయింది. గనిల పనిచేసిన భర్తే అన్నీ చేసిపెట్టేటోడు. ఆయన పోయి ఏడాది కాలేదు. ఇప్పుడు ఇంట్ల ఒక్కతే.

మేం గ్లౌజు తొడిగితే కుడిచేత్తో గ్లాసు పట్టుకున్నది. మొహం విప్పారింది. కాని మణికట్టు దగ్గర పట్టీలను బకిల్‌లకెళ్లి లాగి బిగించాలె. ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

"కట్టేటోళ్లు ఇంట్లుంటే నాకు గీ మిషన్ ఎందుకు బిడ్డా?" అన్నది.

ఒక్కసారి తనే ప్రయత్నించమన్నం. ఇంజనీర్ ఆమె వెనక కిటికీల ఫోన్ పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టిండు. మేమిద్దరం బయట గుమ్మం దగ్గర నిలబడ్డం. ఆ గదికి ఇంకో తలుపు లేదు.

కొంచెంసేపటికి పిలిచింది. పోయి చూస్తే గ్లౌజు చేతికున్నది. పట్టీలన్నీ బిగించి ఉన్నయ్.

"ఎనకనుంచొచ్చి మంచిగ కట్టినవ్ బిడ్డా. నీ చేతులు గంత గరుకుగున్నయేంది?" అన్నది.

"నేను లోపలికే రాలేదు పెద్దమ్మా."

ఆమె ఎడమచేయి పట్టీల మీద పెట్టి కళ్లు మూసుకున్నది. నేను విప్పబోతే, "జర ఆగు" అన్నది. ఆగిన.

వీడియో చాలాసార్లు చూసినం. కొద్దిసేపు తంటాలుపడి, అలసి, ఎడమచేయి కుర్చీ చేతిమీద వాల్చింది. అప్పటికి పట్టీలు వేలాడుతనే ఉన్నయ్. తర్వాత ముందుకు వంగింది, వీపు అడ్డమొచ్చి గ్లౌజు కనబడదు. ఎడమచేయి మాత్రం మళ్లీ కదలలేదు. గదిల ఇంకెవరూ లేరు.

ఇంజనీర్ బకిల్‌లు తీసి, అతుక్కునే పట్టీలు పెట్టిండు. ఇప్పుడు ఒంటిచేత్తో అంటించుకోవచ్చు. పెద్దమ్మ ఇంట్ల తనే పెట్టుకుంటది, చాయ్ తనే పోసుకుంటది.

ఆ రోజు పరీక్ష రిపోర్టుల "సొంతంగ పెట్టుకున్నది" అని రాయాల్నా, "వేరేవాళ్లు పెట్టిన్రు" అని రాయాల్నా అని ఇంజనీర్ నన్నడిగిండు. ఆ చోటు ఖాళీగ వదిలెయ్యమన్న. ఇప్పటికీ ఖాళీగనే ఉన్నది.