జింక్ పొడికి కొసరు

కెనడాలోని కాల్గరీలో మాస్టర్స్ చదివిన రోజుల్లో, ఏ విమానం దిగినా మనవాళ్ళే. అందరూ కంప్యూటర్ కోర్సులకు పోతుంటే, నేను కార్బన్ డయాక్సైడ్‌ను ప్లాస్టిక్‌గా మార్చే ల్యాబ్‌లో చేరాను. సరుకులో సగం ఊరికే దొరికే వ్యాపారమంటే కిరాణా కొట్లో పెరిగినవాడికి నోరూరదా?

ఆ వాయువును ఒక ద్రవంతో కలిపి ఉక్కు పాత్రలో బిగిస్తాం. జింక్‌తో చేసిన పొడి చిటికెడు వేస్తే, అది రెంటినీ పూసల్లా గుచ్చి గొలుసులు కడుతుంది. గొలుసులు పొడవుగా ఉంటే గట్టి పొర వస్తుంది. నాకు మాత్రం ఎప్పుడూ బెల్లం పాకంలాంటి జిగురే.

"సెమిస్టర్ అయ్యేలోగా పొర రాకపోతే ప్రాజెక్ట్ మార్చేద్దాం బాబూ," అన్నారు ప్రొఫెసర్ గారు, గోదావరి వైపు పెద్దాయన. మారిస్తే థీసిస్ మళ్ళీ మొదటికి. నా స్టడీ పర్మిట్, అదే చదువు వీసా, అంతదాకా ఆగదు.

గ్యాస్ మంచిది కాదన్నాను, ద్రవంలో నీళ్ళు చేరాయన్నాను. సరుకు చెడితే పంపినవాణ్ణి తిట్టడం మా ఇంటి విద్య.

ఒకరోజు గాలి తగలకుండా గాజుపెట్టెలో చేతులు పెట్టి పొడి తూస్తుంటే, కరీంనగర్ నుంచి వచ్చిన జూనియర్ పక్కనే నిలబడి చూస్తోంది.

"అన్నా, తూచినంక మళ్ళ ఏస్తున్నవేంది?"

"ఎప్పుడు?"

"గిప్పుడే! అంకె రాసుకున్నవ్, ఇంకింత ఏసినవ్. ఉల్లిగడ్డలు అమ్ముతున్నవా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా కొట్లో తూకం అయ్యాక కొసరు వేయకుండా పొట్లం కట్టరు. ఆ చెయ్యి నన్ను అడక్కుండానే ఇక్కడా కొసరు వేస్తోంది. జింక్ ఎక్కువైతే గొలుసులు ఎక్కువ మొదలవుతాయి, పూసలు మాత్రం అన్నే. అందరికీ కాస్త కాస్త దక్కి, ఏ గొలుసూ పొడుగవదు. ఎక్కువ ఇస్తే మేలే తప్ప కీడు జరుగుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

మళ్ళీ తూచేటప్పుడు ఆ అమ్మాయి నా చెంచా లాగేసుకుంది. పొర వచ్చింది. ప్రొఫెసర్ గారు కిటికీ వెలుతురుకు పట్టి వంచి చూశారు. విరగలేదు.

"ఆ జిగురు కూడా పారేయొద్దు సార్. అతికించడానికి పనికొస్తుందేమో, ఇంకో చాప్టర్..."

"బేరాలు తర్వాత. ముందు ఇది నువ్వొక్కడివే మళ్ళీ చేసి చూపించు."

ఒక్కణ్ణే తూచాను. అంకె రాసుకుని చేతులు వెనక్కి లాక్కున్నాను. ఎవరినో వట్టి చేతులతో పంపేసినట్టు మనసు పీకింది. అయినా మూత బిగించాను.

రెండో పొర కాస్త మసకగా వచ్చింది. ప్రొఫెసర్ గారు దాన్నీ వంచి చూసి, ప్రాజెక్ట్ నాకే ఉంచారు.