పిల్లల్ని అడగకుండా వేసిన ప్లాను

మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసింది. మోకాళ్లు అరిగి ఆమె ఊరికి తిరిగెళ్లాక నేను ఇక్కడికి వచ్చాను. సాల్మియాలో ఒక ఇంట్లో వంట చేస్తాను. మా పిల్లలు కూడా ఇదే పనికి రాకుండా ఊళ్లో ఏం చేయాలో ఆలోచించుకోవడానికి మా మండలం వాళ్లం కొందరం శుక్రవారాలు రిగ్గైలో ఒక అన్న గదిలో కలిసేవాళ్లం. అన్న అమ్ఘరాలో పాత ఇనుము కొట్లో పనిచేస్తాడు. వయసులో పెద్దవాడు కాబట్టి మాటలు ఆయనే నడిపేవాడు.

ఆ శుక్రవారం మామా ఇంటికి చుట్టాలొచ్చారు; ఇంటి యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తాం. వాళ్లకు వండిపెట్టి వెళ్లేసరికి ఆలస్యమైంది. ఊళ్లో పిల్లల కాలేజీ ఫీజులు అందరం కలిసి కట్టాలని అప్పటికే తేల్చేశారు.

"మీ పాప ఏం చదువుతాంది మా?" అని అన్న అడిగాడు.

"నర్సింగు," అన్నాను, అందరికీ వినపడేలా.

"అయితే ఆ పాపకే ఫోన్ చెయ్యి. ఆడపిల్లలకు ఇంకేం కావాల్నో కనుక్కుందాం."

చేసి స్పీకర్ పెట్టాను.

"నర్సింగు చదివే పిల్లవు, నువ్వే చెప్పాల," అన్నాడు అన్న.

"నర్సింగు కాదు పెదనాయనా. దాంట్లో సీటు రాలేదు. డిగ్రీలో చేరినా. ఇప్పుడు అదీ మానేసినా."

గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. నా ముఖం మాత్రం మండిపోయింది.

"నాకెందుకు చెప్పలా?" అన్నాను.

"చెప్పినా మా. కూర మాడిపోతాందని ఫోన్ పెట్టేసినావు. మళ్లా అడుగుతావనుకున్యా."

ఎందుకు మానేశావని అన్న మెల్లగా అడిగాడు. కాలేజీ అయ్యేసరికి ఊరికి బస్సు ఉండదనీ, రోడ్డు నుంచి చీకట్లో నడిచి రావాలనీ, అవ్వ భయపడి వద్దన్నదనీ చెప్పింది. "మీరు ఫీజు కట్టినా బస్సు రాదు గదా పెదనాయనా. శానామంది ఆడపిల్లోళ్లు అందుకే మానుకున్యారు."

మరుసటి శుక్రవారం మామా సెలవివ్వలేదని అబద్ధం చెప్పి గదికి పోలేదు. ఆ రోజు వాళ్లు ఊళ్లో ఆడపిల్లలందరితో ఫోన్లో మాట్లాడారట. మాలో ఒకామె ఊరికి పోతే ఆటో నడుపుకుంటానని ఎప్పటినుంచో అనేది. ఆమెకు అందరం కలిసి ఆటో కొనిపెట్టి ఊరికి పంపాం. పొద్దున పిల్లల్ని కాలేజీకి తీసుకెళ్లి, సాయంత్రం ఇళ్లకు చేరుస్తుంది. నా కూతురు మళ్లీ చేరింది.

ఇప్పుడు పని అయిపోయాకే దానికి ఫోన్ చేస్తున్నాను. ఒక్కోసారి ఆటోలోనే ఎత్తుతుంది. పక్కన పిల్లల నవ్వులు వినపడతాయి, వాటిలో దానిదీ ఉంటుంది. నాతో మాత్రం బయటివాళ్లతో మాట్లాడినట్టు ఆచితూచి మాట్లాడుతుంది. ఎందుకలా అని అడగడానికి నాకు నోరు రాదు.