ఆలూరులో వెండి పళ్లేల భోజనం

నాకు పాత వెండి అంటే పిచ్చి. మాదాపూర్ ఆఫీసులో నా పక్క సీటు సునీతకు ఆ సంగతి తెలుసు. ఏదో పాత బంగళా సామాను అమ్ముతుంటే తెల్లదొరల కాలపు వెండి పళ్లేలు కొని ఆలూరులో ఉన్న వాళ్ల బాపుకు ఇచ్చానని చెప్పింది. "ముద్ర ఉందా?" అన్నాను. పెద్ద కుటుంబాలవాళ్లు అలాంటి పళ్లేల మీద తమ వంశ చిహ్నం చెక్కించుకునేవారు.

"ఏదో ఉన్నదక్కా, నల్లగైంది. ఆదివారం మా ఇంట్ల దావత్, నువ్వే వచ్చి సూడు."

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. అజీజ్‌నగర్ దగ్గర పక్క సీట్లోని అవ్వ ఒక ఫామ్‌హౌస్ గేటు చూపించింది. "గీడ మా జొన్నచేను ఉండె. ఇప్పుడు గా జాగలనే మా పెద్దోడు గడ్డికి నీళ్లు పెడ్తుండు. గడ్డి బర్రెకు గాదంట, సూడనీకంట!" అని పకపకా నవ్వింది. మొయినాబాద్‌లో దిగుతూ నా చేతిలో జామకాయ పెట్టింది. చేవెళ్లలో వేడి మిర్చిబజ్జీలు తిని, చాయ్ తాగి, షేర్ ఆటోలో ఆలూరు చేరాను.

సునీత వాళ్ల బాపు జంగారెడ్డిగారు సర్పంచి ఎన్నికలో నిలబడ్డారు. పోలింగ్ ఆ వారంలోనే. వాడవాడలోనూ పేరున్న పెద్దలను భోజనానికి పిలిచారు. "వెండి పళ్లెంల పెడితే మన ఇజ్జత్ ఏందో తెలుస్తది బిడ్డా" అని మీసం సవరించుకున్నారు.

వంటింట్లో సునీత తల్లి లక్ష్మమ్మగారూ నేనూ విభూతితో పళ్లేలు తోమడానికి కూర్చున్నాం. నలుపు వదిలేకొద్దీ నడిమధ్యన ఒక డాలు, దాని మీద కిరీటం, ఆ పైన రెక్కలు విప్పిన కాకి తేలాయి. కాకి ముక్కున ఉంగరం. ఎంత చక్కటి పనితనమో అని నేను మురిసిపోతుంటే లక్ష్మమ్మగారి చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో బిడ్డా! మా ఆయనది కత్తెర గుర్తు. ఉంగరం ఎదుటోళ్లది!"

స్టీలు పళ్లేలు తీద్దామనుకునేలోపే జంగారెడ్డిగారు వచ్చి, తోమినవన్నీ పేర్చుకుని వెళ్లిపోయారు. కళ్లద్దాలు లేవు కాబట్టి ఆయనకు మెరుపు తప్ప మరేమీ కనిపించలేదు. బయట అతిథులు బంతికి కూర్చున్నారు.

"అన్నం నిండుగ పెట్టు. కూర మీద కూర పొయ్యి. అడుగు కనబడొద్దు" అంది లక్ష్మమ్మగారు నా చెవిలో.

పెట్టాం. ఎవరి పళ్లెంలోనైనా వెండి మెరిస్తే చాలు, పరుగున వెళ్లి మటన్ వడ్డించాం. మర్యాదకు పొంగిపోయిన పెద్దలు వద్దువద్దంటూనే తిన్నారు. బాలమ్మ అనే ముసలావిడ మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. "సాలు బిడ్డా, పానం పోతది." ఆఖరి మెతుకుదాకా ఊడ్చి తిని, పళ్లెంలోకి తొంగి చూసింది.

"జంగన్నా, గిదేంది? నా పళ్లెంల కాకి కూసున్నది! నోట్ల ఉంగరం సుత పట్టుకున్నది!"

బంతిలో ఒక్కొక్కరే వేలితో అన్నం పక్కకు జరిపి చూసుకున్నారు. జంగారెడ్డిగారి ముఖం పాలిపోయింది. సునీత నా వెనక దాక్కుంది.

లక్ష్మమ్మగారు గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. "మంచిగ సూడు వదినా. కాకి ఉంగరం ఎత్తుకపోతలేదూ? ఇగ ఎదుటోళ్ల తాన ఏమున్నది?"

బాలమ్మ ఇంకోసారి చూసింది. "అవ్ గదనే! ఎగిరిపోతున్నది!" అంటూ నవ్వింది. ఆ నవ్వు బంతి చివరిదాకా పాకింది. జంగారెడ్డిగారు ఇదంతా తన ఆలోచనే అన్నట్టు గంభీరంగా తలూపారు. భార్య వైపు మాత్రం చేతులు జోడించినంత పని చేశారు.

నాలుగింటికి బయలుదేరి చేవెళ్లలో బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒకాయన పక్కాయనకు చెబుతున్నాడు. "ఆలూరుల ఇయ్యాల కాకి వచ్చి ఎదురుపార్టాయన ఏలికున్న ఉంగరం ఎత్తుకపోయిందంట! బంగారు ఉంగరమన్నా!"

"నిజమేనా?" అన్నాడు రెండో ఆయన.

నేను ముందుకు వంగాను. "నేను అక్కడే ఉన్నాను. కాకికి కిరీటం కూడా ఉంది."

ఇద్దరూ చప్పున వెనక్కి తిరిగారు. జంగారెడ్డిగారు గెలిచారని తర్వాత తెలిసింది, కాకి వల్లో మటన్ వల్లో చెప్పలేను. ఆ చిహ్నం ఏ దేశపు ఏ దొరలదో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు తరతరాలుగా దాచుకున్న కాకి మాత్రం ఆ సాయంత్రం బస్సు మొయినాబాద్ దాటేసరికి అచ్చంగా చేవెళ్ల కాకి అయిపోయింది.